కరిగితే నీళ్ళ కింద లెక్క

తమాలేలో రాత్రి పదకొండు.
ఎడారి మీంచి దిగిన పొడిగాలి
తలుపు సందుల్లోంచి సన్నటి దుమ్ము జల్లిస్తోంది.
వుంపిని తన సెలూను సగం మంచం మీద పరిచింది.

నల్ల సబ్బు. కొబ్బరి నూనె.
ఉల్లి వాసన వేసే ఆకుపచ్చ సీసా ఒకటి,
అందులో ఏముందో చెప్పదు, దుకాణం గుట్టు.
దువ్వెనలు మూడు. ఇనుప తోక దువ్వెన:
తీసి పక్కన పెట్టింది, మళ్ళీ పెట్టెలో పెట్టింది,
మళ్ళీ తీసింది.
ఇక షియా వెన్న.
అబొఆబొ సంతలో ముసలి సనాతు
మోచేతుల దాకా ముంచి చిలికింది,
సొరబుర్ర నిండుగా.

టిక్కెట్టు చవకది. ఒక్కటే పెట్టె,
అదీ నెత్తి మీది అరలో పట్టాలి.
ద్రవాలైతే సీసాకి నూరు మిల్లీలీటర్లట.
అంటే, గిద్దెడు.
అన్నీ కలిపి ఒకే అద్దంలాంటి సంచిలో
నోరు మూసుకుని కూర్చోవాలట.

గిద్దెడుతో ఏ తల తడుస్తుంది?
ట్రోమ్సోలో మేనకోడలు సుహుయిని,
ఆరేళ్ళ పిల్ల, అడవంత జుట్టు.
అక్కకి రాత్రి డ్యూటీలు.
బావ ఎస్పెన్ మంచివాడే, ఓపిక ఉన్నవాడే.
మొన్న ఫోనులో చూపించాడు:
తడపకుండా, మాడు నుంచి కిందికి,
బీడు దున్నినట్టు దువ్వుతున్నాడు.
"చివర్ల నుంచి బావా, చివర్ల నుంచి!"
ఇక్కడ వుంపిని అరిచిన అరుపుకి
డ్రయ్యరు కింద కూచున్న ఆవిడ ఉలిక్కిపడింది.
అక్కడ పిల్ల కన్నీళ్ళు
సిగ్నలు అందక ఆగి ఆగి రాలాయి.

ఆ చిక్కు తియ్యడానికే ఈ ప్రయాణం.

రాత్రంతా పోత.
కంటిమందు సీసాలోకి లవంగ నూనె.
దగ్గుమందు సీసాలోకి సబ్బు నీళ్ళు,
కడిగినా మూత దగ్గర చెర్రీ వాసన పోలేదు.
ఒలికిన ప్రతి చుక్కనీ
వేలితో తీసి మోచేతులకి రాసుకుంది.
వెన్న మాత్రం గట్టిగా ఉంది, చలికి నెయ్యి పేరుకున్నట్టు.
గట్టిది ద్రవం కాదు కదా.
గట్టి ధైర్యంతో పెద్ద డబ్బాలో కుక్కింది.
డబ్బాలో పట్టనిది, పారేస్తే పాపం,
తన తలకే పట్టించుకుంది,
పాయ పాయకీ, పాపిట పాపిటకీ,
తెల్లారేలోగా జడలన్నీ అల్లుకుని.

అక్రాలో మధ్యాహ్నం.
గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటోంది.
ట్రే ఆగింది. అధికారిణి జీఫా డబ్బా ఎత్తి చూసింది.
"ఏమిటిది?"
"వెన్న."
"ఊగుతోందే?"
"తెల్లవారుజామున ఊగలేదు."
"అయితే తెల్లవారుజామున రావాల్సింది."
ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇద్దరూ ఆపుకున్నారు.
రూలు రూలే. కరిగితే నీళ్ళ కింద లెక్క.
డబ్బా బల్ల చివరికి వెళ్ళింది,
చెత్తబుట్టలోకి కాదు, దాని పక్కకి.

తర్వాత తల తడమాలంది.
యంత్రం జడలు చూసి కూసిందట.
వుంపిని వంగింది. తొడుగు వేసిన వేళ్ళు
జడల మధ్య నెమ్మదిగా, వరసగా,
ఏదో వెతుకుతున్నట్టు, ఆ తర్వాత వెతకనట్టు.
జీఫా చెయ్యి వెనక్కి తీసుకుని
మెరుస్తున్న వేళ్ళు చూసుకుంది.
వుంపిని ముఖం చూసింది.
ఎంత వెన్న? గిద్దెడా, సోలెడా?
తల మీదున్నదానికి కొలత రాయలేదు ఎవరూ.
"వెళ్ళు," అంది.
తొడుగు విప్పుతూ, దాని జిడ్డు
పొడిగాలికి పగిలిన తన కణుపుల మీద
ఒకసారి తుడుచుకుంది.

ఆరున్నర గంటలు ఒక విమానం,
ఆపైన ఇంకో రెండు.
పక్క సీటాయన నోరు తెరిచి నిద్రపోయాడు.
దిండు ఇచ్చారు, ఒడిలో పెట్టుకుంది.
వుంపిని మాత్రం నిటారుగా కూర్చుంది,
మెడ లాగినా, కళ్ళు మూతపడినా.
వేళ్ళు తన పాపిట్లో అద్ది
పిల్ల పాపిట్లో రాయొచ్చు, ఒక పూటకి సరిపోతుంది.
తల వెనక్కి ఆన్చిందా,
సీటు తాగేస్తుంది.