శౌరికట్టు

ఆ పేరు మాకెవరికీ నోరు తిరగలె.
జర్మనీ సిస్టరమ్మ ఒక్కతే
నోట్లె గులకరాళ్లు తిప్పినట్టు అనేది.
మా చిన్నత్త శౌరమ్మ
విన్నకాడికి విని, మిగిలింది తన పేరుతోని అతికింది.
ఫాతిమానగర్ దవాఖాన వంటింట్ల
అప్పటిసంది అది శౌరికట్టు.

అంగట్ల గోబిగడ్డ ధర పడిపోయిన దినమే
ఆటోల వేసుకొని వచ్చేది, ఒక్కటి కాదు, ఇరువై.
"పొగాకు తరిగినంత సన్నగ తరుగు బిడ్డా,
కిలకు నాలుగు చెంచాల ఉప్పు.
నీళ్లు పోసినవో, నా మీదొట్టే.
కొత్తగొచ్చిన నర్సుపిల్ల లెక్కనే ఇది,
మొదటి గంట బిగుసుకుంటది,
తర్వాత దాని నీళ్లు అదే ఇడుస్తది."
జాడీల కుక్కి, పెద్దాకు కప్పి,
ఉడకబెట్టిన నల్లరాయి బరువు పెట్టేది.
చలికాలం పదిహేను దినాలు.
ఎండలు ముదిరితే ఐదు.
ఇగ అయ్యిందని ముక్కే చెప్తది.

మక్క గట్క మొద్దు నిద్రల ఉంటది గద,
దాని మీద గుప్పెడు వెయ్యి, గిల్లి లేపుతది.
సర్వపిండి అంచు కరకర, నడుమ ఇది చల్లగ.
పెసరపప్పుల కలిపితే పొయ్యి దించినంకనే,
"బతికున్నదాన్ని ఎట్ల ఉడకబెడ్తవ్?"
పచ్చిపులుసుకు ఊట పోసి చింతపండు సగం చెయ్యి,
ఉప్పు మాత్రం నాలికెను అడిగి వెయ్యి.
ఆదివారం పూజ అయినంక మాంసం పక్కన.
ఎండుచాపల పక్కన వద్దు,
రెండూ ఉప్పువే, కొట్లాడుకుంటయి.

ఒక ఏడు చిన్నత్త ఎవర్నీ అడగకుంట
రెండు చపాటా మిరపకాయలు, ఇంత జీలకర్ర దంచి కలిపింది.
జాడీ ఎర్రవడ్డది.
సిస్టరమ్మ నోట్లె పెట్టుకొని కండ్లు మూసింది.
వంటింట్ల గంటె చప్పుడు కూడ లేదు.
"మా అమ్మ చేసేది ఇది కాదు" అన్నది,
వచ్చీరాని తెలుగుల.
అని, పళ్లెం మళ్లా ముందుకు జరిపింది.

ఇప్పుడు సిస్టరమ్మ లేదు,
చిన్నత్తకు మోకాళ్లు లేవు,
జాడీ నా తానున్నది.
కాజీపేట యార్డుల రాత్రి డ్యూటీ,
రెండు గంటలకు గూడ్సు బండి పోనిచ్చి
టిఫిను మూత తీస్తే
యాకయ్య బెంచి ఆ కొసకు జరిగిండు.
"ఏందే, పాడైందా?"
"పాడు కాలె అన్నా, పులిసింది."
"రెంటికీ తేడా ఏంది?"
చెప్పరాలె నాకు.
జొన్నరొట్టె ముక్కల మడిచి చేతిల పెట్టిన.
నమిలిండు. సిగ్నల్ దిక్కు చూసిండు. ఇంకా నమిలిండు.
ఏం అనలె.

తెల్లారి డ్యూటీకి
కడిగిన హార్లిక్సు సీసా ఒకటి
సంచిల పెట్టుకొని వచ్చిండు.