అసలు కాగితం

వలసరవాక్కంలో నాదో జెరాక్సు షాపు.
కావలి నించి వచ్చి పంతొమ్మిదేళ్లయినా
నా అరవం ఇంకా కూరగాయల బేరం దాకానే.
తవమణక్కది సముద్రం అవతలి తమిళం,
అవునుకు "ఓం" అంటుంది.
మొదట్లో ఏదో మంత్రమనుకున్నాను.

ప్రతి జనవరిలో శరణార్థి కార్డు కాపీలకి వస్తుంది.
కుటుంబ సభ్యులు: ఒకరు.
సరిగ్గా ఆ అంకె మీదే నా మెషిన్ నల్లగీత వేస్తుంది.

మొన్న ఆమె వెనకాలే గుణశీలన్ వచ్చాడు,
సున్నాలేసే మనిషి, గోళ్లనిండా తెలుపు.
వాడే,
యుద్ధం చివరి ఏడు ఇంటికొకరు చొప్పున
పిల్లల్ని లెక్కగట్టి తోలుకుపోయినవాడు.
యాళినికి పదహారు. తలారకుండానే వెళ్లిందట.
ఈ వీధిలో లంకవాళ్లెవరూ
పెళ్లికీ చావుకీ అతన్ని పిలవరు.

కరెంటు బిల్లు వెనక పెన్నుతో గీసిన పటం.
"ఇది వాగు. ఇది బడి. ఇక్కడ..."
వేలు ఆగిపోయింది.
అక్క చాలాసేపు చూసి
నా దగ్గర పెన్సిలు తీసుకుంది.
"బడి వాగుకి ఇవతల కదరా."
"ఓం."
"చింతచెట్లు రెండు. ఒకటి పిడుగుకి పోయింది."
"ఓం అక్కా. ఆ మోడు పక్కనే."
"తల ఎటు?"
పెన్సిలు అందుకోలేదతను.
గాజుబల్ల మీద అరచేత్తో చూపించాడు.
"ఏం కప్పారు?"
"నా సారం."
సారమంటే వాళ్ల మాటలో లుంగీ.

బయట నీళ్ల లారీ వచ్చింది, బిందెల గోల.
క్షమించానని ఆమె అనలేదు,
ఆ మాట అడిగే ముఖం అతనికి లేదు.
నేనే, బుర్రలేనిదాన్ని,
"ఎన్ని కాపీలు?" అనేశాను.

"రెండు" అంది అక్క.
అతనికేసి చూడకుండా,
"నువ్వు ముందు పోతే దోవ నేను వెతుక్కోవాలి.
నేను పోతే నువ్వెళ్లి దీపం పెట్టు."

అతను చిల్లర తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది,
తగలనివ్వలేదు గానీ.

రాత్రి షట్టరు దించే ముందు మూత ఎత్తితే
అద్దం మీద బోర్లా అసలు కాగితం.
ఎవరైనా ఇంతే,
కాపీలు పట్టుకుపోయి అసలుది మరిచిపోతారు.
పెన్ను గీతల మీద పెన్సిలు గీతలు,
వాగు మాత్రం ఇద్దరూ ఒకేచోట గీశారు.

పిల్లాడి ఫీజు రసీదుల డబ్బాలో దాచాను.
రేపు ఎవరొస్తారో.
ఇద్దరూ కలిసే వస్తే
ఎవరి చేతిలో పెట్టాలో నాకు తెలీదు.