ఎదురుగాలి అచ్చు

త్రియెస్తే ఊళ్లో చలిగాలికో పేరుంది, బోరా.
అది దిగిన రోజున వీధి మలుపుల్లో తాళ్లు కట్టేవారు.
వాటిని పట్టుకుని జనం
ఒరిగి ఒరిగి నడిచేవారు.

రేవుకి రెండు సందుల వెనక
ఒరెస్తే ముసలాయన అచ్చాఫీసు.
నేనక్కడ సిరా తుడిచే కుర్రాణ్ని.

అన్నిటికన్నా కింది సొరుగులో
బేరిచెట్టు కలపతో చెక్కిన అరచేతంత అక్షరాలు.
లావుపాటివి. ముందుకు వాలినవి.
బూటు ముక్కుల్లా కొసలు తేలినవి.
తాతలనాటి సర్కసు పోస్టర్లకీ
వెర్మూత్ సీసాల ప్రకటనలకీ అరిచి అరిచి
ఒంటినిండా బీటలు.
"తాగొచ్చిన మామయ్యలురా వీళ్లు" అనేవాడు ఒరెస్తే,
"గొంతు పెద్దది, నిటారుగా నిలబడరు."

చావు కబుర్లకి వేరే సొరుగు.
నల్లంచు లోపల
చేతులు కట్టుకుని నిలబడే సన్నటి అక్షరాలు.

ఫిబ్రవరిలో ఓ పొద్దున నీవెస్ వచ్చింది,
తలగుడ్డ గాలి పట్టుకుపోయింది కాబోలు, జుట్టంతా రేగి.
మొగుడి పేరు చెప్పింది. తుల్లియో.
రేవులో కాఫీ బస్తాలు మోసినవాడు.
ముసలాయన సన్నటి సొరుగు లాగాడు.
ఆమె వంగి కింది సొరుగు చూపించింది.

"అవి సర్కసువమ్మా."

"నలభై ఏళ్లు బస్తా కింద వాలి నడిచాడు.
బస్తా దించాక గాలికి వాలి నడిచాడు.
నిన్న పెట్టెలో పడుకోబెడితేగాని
తిన్నగా ఉండగా చూళ్లేదు నేను.
ఆ తిన్నటాయన ఎవరో నాకు తెలీదు."

ఒరెస్తే ఏప్రానుకి చేతులు తుడుచుకున్నాడు,
అవసరమైనదానికన్నా చాలాసేపు.

పేరు పేరుస్తుంటే యు దొరకలేదు.
ఉన్నదే ఒకటి.
అచ్చాఫీసులో అచ్చుకి కరువు!
గొణుక్కుంటూ ఎన్ తీసి తలకిందులుగా నిలబెట్టాడు,
హల్లు అచ్చయింది.
తలకిందులైనా దాని వాలు మారలేదు,
మిగతా వాటితో పాటే అటే ఒరిగింది.
కాకపోతే వరసకి వెంట్రుకవాసి పైన ఆగింది,
అడుగు తీసి ఇంకా వెయ్యని కాలులా.

ఫర్మాలో ఉన్నంతసేపూ
అద్దంలో మనుషుల్లా అందరూ వెనక్కే వాలారు,
గాలే గెలిచినట్టు.
రోలరు దొర్లింది.
కాగితం అంచు పట్టి లేపాను.
ముందుకు!
బీటలు తెల్లగా, పేరు నల్లగా.

మధ్యాహ్నం చేపల బజారు గోడకి నేనే అంటించాను.
ఓ బేరగాడు దూరం నుంచే అరిచాడు:
"ఏరా, సర్కసెప్పుడు?"
దగ్గరికొచ్చి చదివాడు.
టోపీ తీశాడు. తీసిన టోపీని గాలి తీసుకుపోయింది.
దాని వెంట పరిగెత్తలేదు.

ఒక్క మాట మాత్రం ఒరెస్తేకి చెప్పలేదు నేను.
ఆ యు మా ఇంట్లో ఉంది,
అమ్మ మంచం పక్క కిటికీ రెక్క కింద,
గాలి చొరబడకుండా నేను ఇరికించిన చోట.
ఆ రాత్రంతా బోరా తలుపులు బాదింది.
లేచి లేచి చూశాను.
కదల్లేదది.