మూడో కీలు

రెండో షిఫ్టు దిగిపోయింది.
రాయగడ శివారు షెడ్డులో ఇక మిగిలింది
నేనూ, నిరాకార్ బెహరా,
మధ్యలో ఆగిపోయిన ఆ పసుపురంగు చెయ్యీ.

మూడు రోజులుగా ఇదే తంతు.
వేగన్ తలుపుకి అతుకేస్తూ వేస్తూ
ఒక్క వంపు దగ్గరే నిలిచిపోతుంది.
దించితే బాగుంటుంది, ఎత్తితే బాగుంటుంది,
ఆ మధ్యన, అన్నం ముద్ద నోటి దాకా వచ్చే చోట,
ఎర్ర దీపం.
మోటారు తిరుగుతుందట గానీ
ఎంత తిరిగిందన్న కబురే వెనక్కి రావట్లేదట.

"మోటారు పోయినట్టుంది, కొత్తది పెడదాం" అన్నాడు ఇంజినీరు.
నాకెప్పుడూ ముందు తీగ మీదే అనుమానం.

మా అయ్యకి సుగరు.
గుణుపురం సంతలో చెప్పు జారిపోయినా తెలీక
ఒంటి చెప్పుతో బస్టాండు దాకా నడిచేసేవాడు.
కాలు బాగానే ఉంది, నడకా బాగానే ఉంది.
వెనకనించి ఎవరో పిల్లాడు
"ఓ తాతా, నీ చెప్పు!" అని కేకేసే దాకా
నేల సంగతి ఆయనకి చేరేదే కాదు.

మీటరు ముల్లు ఒక కొసన నిరాకార్ పట్టుకున్నాడు.
నేను తీగని వేళ్ళ మధ్య వంచుకుంటూ పోయాను,
ఆనపకాయ లేతో ముదరో గోటితో చూసుకున్నట్టు.
కూత. కూత. కూత.
మోచేతి దగ్గర
కూత తెగింది.
"ఆఉ థరే" అన్నాడు.
ఇంకోసారి వంచాను. ఇంకోసారి తెగింది.

పైతొడుగు నిగనిగలాడుతూనే ఉంది.
లోపల వెంట్రుకంత రాగి పోగు
రోజుకి కొన్ని వేలసార్లు వంగి వంగి
ఎవరికీ చెప్పకుండా తెగిపోయింది.

తప్పెవరిదో చూద్దామని లైటు దగ్గరికి పట్టాను.
కరెంటు తీగతో కలిపి, ఊపిరాడకుండా
ఇనుముకి బిగించేసి కట్టారు ఎవరో.
కట్టు తోక ఏటవాలుగా కత్తిరించి ఉంది.
ఈ షెడ్డులో అలా కత్తిరించేది
నేనొక్కదాన్నే.

ఉద్యోగంలో చేరిన తొలి నెల.
ఆడపిల్ల పని ఎంత పొందిగ్గా ఉందో చూడండన్నారు అందరూ.
నేనూ చూసుకున్నాను, దూరం నించీ, దగ్గర నించీ.

నిరాకార్‌కి చెప్పలేదు.
చెయ్యి మన మీద పడకుండా గొలుసేసి వేలాడదీశాం.
పాత తీగ తోకకి కొత్త తీగ తల కట్టి
వాడు ఇటునించి తోస్తుంటే నేను అటునించి లాగాను.
బోలు ఇనుములోంచి ఒకటి బయటికొస్తుంటే
ఒకటి లోపలికి పోయింది.

అసలు పని అప్పుడు మొదలైంది.
తీగ ఊడదీసిన క్షణంలో
దానికి తనెక్కడుందో మరుపొచ్చేసింది.
సున్నా ఎక్కడో మనమే చూపించాలి.
కీలు మీద ఎదురెదురుగా రెండు గీతలుండాలి,
నిప్పురవ్వలు చల్లారి గుళికలై
అవీ కనబడవు.
ఉలితో గీకాను, గుడ్డతో తుడిచాను,
చివరికి కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమితే
గోరు దిగినంత లోతున
దొరికింది.

"కొంచెం కిందికి. ఇంకొంచెం. ఎక్కువైపోనాది, ఎనక్కి తే."
గీత గీతకి తగిలింది.
అర్ధరాత్రి దాటి కొరాపుట్ వైపు ఏదో గూడ్సు
కొండలోకి దూరిన చప్పుడు.

కొత్త తీగని మోచేతి దగ్గర కట్టకుండా
ఉయ్యాలలా వదిలేశాను.
"ఇంత వదులా, హైమ అపా? చూడ్డానికేం బాగోలేదు."
"బాగోలేదు" అన్నాను.

తరవాత బటన్ నొక్కాం.
చెయ్యి లేచింది. ఆ వంపు దగ్గరికొచ్చింది.
నిరాకార్ మీటరు పట్టుకునే ఉన్నాడు, ఇక అవసరం లేకపోయినా.
నాకు తెలీకుండానే నా కుడి మోచెయ్యి
దానితోపాటు మెల్లగా మడతపడుతోంది.

దాటింది.

"ఆఉ థరే" అన్నాను ఈసారి నేను.