తొలి రెండు రోజులు

తొలి రెండు రోజుల జబ్బు జబ్బు కాదంట.
ఈఎస్ఐ కిటికీ దగ్గర గుమాస్తా చెప్పాడు,
చెడ్డోడేం కాదు, తన సీసాలో మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.
మూడో రోజు నించే లెక్కమ్మా, అన్నాడు.
మరి ఆ రెండు రోజులూ
చెంబెత్తలేక, చీర కుచ్చిళ్ళు పట్టలేక
మా అమ్మాయి చేత జడ వేయించుకున్నదాన్ని
నేనేంటి?

ఉండి రోడ్డులో మా రొయ్యల ప్లాంటు.
తెల్లారుజామున నాలుగున్నరకి వేను.
తెల్ల బూట్లు, తలకి టోపీ, మూతికి గుడ్డ.
క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికెళ్తే
రోహిణి కార్తెలో కూడా పళ్ళు టకటకలాడతాయి.
పదకొండేళ్ళు.
కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని,
ఇది ముప్పై కౌంటు, ఇది నలభై, ఇది అరవై అని.
ముందు కుడిచేతి చూపుడువేలు చెప్పడం మానేసింది.
తర్వాత పక్కవేలు.
తర్వాత తెల్లారి లేచేసరికి రెండు చేతులూ
ఎవరో రాత్రి కుట్టేసినట్టు.

జబ్బు పేరు కాయితం మీద లైనున్నర ఉంది.
"ఇంత పేరున్నదానికి వంశం పెద్దదే"
అని మా ఏడుకొండలు నవ్వేడు,
చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాసొచ్చిన కళ్ళతో.
ఆ వారం నవ్వడానికి అదొక్కటే దొరికింది.

వందకి డెబ్బై ఇస్తారు.
తప్పు మాట్లాడకూడదు, ఇచ్చారు.
పక్క షెడ్డు మరిడమ్మకి కార్డే లేదు.
కామెర్లొస్తే కాంట్రాక్టరు అరడజను బత్తాయిలు పంపాడు,
దాంతో సరి.
కానీ ఆ ముప్పై
ఎక్కణ్ణించి కొయ్యాలో ఎవరూ రాయలేదు.
బియ్యం వందకి వందా ఉడుకుతాయి.
డ్వాక్రా వాయిదాకి జ్వరం రాదు.
ఆకివీడు నించి భీమవరం కాలేజీకి వెళ్ళే పిల్లని
బస్సు డెబ్బై వంతులు పోయాక
దిగిపోమందామా?

వారం వారం డిస్పెన్సరీ.
డాక్టరమ్మ సంతకం పెడితే
ఏడు రోజుల జబ్బు మంజూరు.
డబ్బులు ఫోన్లో టింగుమనేవి,
అనుకున్న రోజున మాత్రం ఎప్పుడూ కాదు.

అలా తొంభై ఒక్క రోజులు. ఏడాదికి అంతే.
ఇంకా సాగే జబ్బులకి వేరే జాబితా ఉందంట.
గుమాస్తా వేలు పైనించి కిందికి జారింది.
ఎంత సులువుగా ఒంగుతోందో ఆ వేలు,
అదే చూస్తున్నాను నేను.
నా లైనున్నర అందులో లేదు.

తొంభయ్యో రోజు నేనే అడిగాను:
"బాగైపోయిందని రాసేయండమ్మా."
ఆవిడ పెన్ను పక్కన పెట్టింది.
"పిడికిలి బిగించు."
బిగించాను.
నాలుగు వేళ్ళూ దారిలో ఆగిపోయాయి,
లాకులు మూసిన కాలవలో పడవల్లా.
"ఇంకోసారి."
బయట ఎవరో గారెలు వేస్తున్నారు, నూనె వాసన.
నా చెయ్యి చాలాసేపు పట్టుకుని
నా వంక చూడకుండా
ఎల్లుండి నించి ఫిట్, అని రాసింది.

లాకరు నూట పదిహేడు. తాళం కొత్తది.
జబ్బులో ఉన్నన్నాళ్ళూ పని తియ్యలేదండి, దానికీ చట్టం ఉంది.
పెట్టెలో సగం మాత్రం ఇప్పుడు
పెనుగొండ నించి వచ్చిన ఏస్తేరు టిఫిను డబ్బాది.

ఐసులో చేతులు పెట్టాను.
కాసేపటికి వేళ్ళు ఎవరివో తెలియలేదు,
నొప్పి కూడా ఎవరిదో అయింది.
బాగవడమంటే ఇదేనేమో అనుకుని తల తీస్తూనే ఉన్నాను,
గంట గడిచినా టబ్బు అడుగు కనబడుతూనే ఉంది.

సూపర్‌వైజరు అటు తిరగ్గానే
ఏస్తేరు తన టబ్బులోంచి రెండు దోసిళ్ళు
నా టబ్బులో ఒంపింది.
"ఒద్దే పిల్లా, నీ తూకం తగ్గుద్ది."
"తగ్గనియ్యండి, ఆయ్" అంది.
మూతిగుడ్డ వెనక నవ్విందో లేదో
తెలియలేదు.