నాలుగు డిగ్రీల గది

అబెరిస్ట్‌విత్‌లో వాన. లోపల నాలుగు డిగ్రీలు.
స్వెట్టరు మీద కోటు, దాని మీద ఇంకో కోటు.
ఎలునెడ్ ఊపిరితిత్తి ముక్క నూరుతోంది:
పుట్టని గొర్రెపిల్లది,
నూటముప్పయ్యో రోజుది,
ఒక్క గుక్క గాలి ఎరగనిది.

పక్క గొట్టంలో తల్లిది.
ఏడేళ్ళు కొండగాలి తాగినది.

రెండింటికీ ఒకటే హార్మోను,
ట్రీషియం బొట్టు పెట్టి పంపింది.
ఒంట్లో అయితే అది తలుపు తట్టదు.
కొవ్వుగోడలోంచి
సొంతింటికి వచ్చినట్టే వస్తుంది.
లోపల చెయ్యందించేవాళ్ళుంటే ఆగుతుంది,
లేకపోతే
వచ్చిన దారినే.

పట్టు దొరకనివాటిని బొగ్గుపొడి మింగేసింది.
మిగిలినవాటిని యంత్రం
తెల్లవార్లూ లెక్కపెట్టింది.

పిల్లది నాలుగువేల పన్నెండు.
తల్లిది తొమ్మిదివందల చిల్లర.
మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

గొర్రెనమ్మిన గెథిన్ గేటు దగ్గర అడిగాడు,
‘ఏం తేలింది?’

‘వినేవాళ్ళు
కడుపులోనే ఎక్కువమంది ఉన్నారు’ అంది,
చేతులు చంకల్లో దాచుకుని.

‘దానికింత చదువెందుకు?
మా ఫ్లోస్ కూనగా ఉన్నప్పుడు
రెండు కొండలవతలనించి వచ్చేది, ఒక్క ఈలకి.’

ఈలేసి చూపించాడు.

ట్రాక్టరు కింద, తడవని జానెడు నేల మీద,
ముసలి కుక్క
ఒక చెవి మాత్రం కదిపింది.