ఒక్కపాలి

పర్లాకిమిడి కొట్లో ముప్పై ఏళ్లు తూకాలేశాను.
చింతపండు, జీడిపిక్కలు, అడ్డాకులు.
ముల్లు నిలబడితేనే నమ్మకం.

ఇవాళ మోకాళ్లకి ఆముదం రాసుకుని
మహేంద్రగిరి ఎక్కుతున్నాను.

చీపుళ్ల మోపుతో దిగుతూ సొంబారి ఆగింది:
"పైన ఏటి పారేసుకున్నావు బాబూ?"

నిజంగానే జేబులు తడుముకున్నాను.
మా ఇద్దరి మధ్యనించి ఒక మబ్బు
మందలోంచి తప్పిన మేకలా నడిచిపోయింది.

"నువ్వెప్పుడూ ఎక్కలేదా, మోపు కోసం కాకుండా?"

మోపు దించింది. చుట్ట ముట్టించింది.
"ఒక్కపాలి. పెళ్లికి ముందు, రాత్రి.
శిఖరం మీంచి సముద్రం అగుపిస్తాదన్నారు."

"అగుపించిందా?"

"చీకటి కదా!
గాలి మాత్రం ఉప్పగా తగిలింది."

పెదవి నాలుకతో తడుపుకుంది,
ఆ రాత్రి ఇంకా అక్కడున్నట్టు.

మోపు నెత్తికెత్తాను.
ఇరవయ్యెనిమిది కిలోలు, అటూ ఇటూగా.

ఇంకా గంటన్నర ఎక్కాలి.